టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంది, లక్షణాలు మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

నమస్కారం. నా వయసు 36 సంవత్సరాలు. మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాం. కొన్ని నెలలుగా పొద్దున లేచేసరికే ఒంట్లో సత్తువ ఉండడం లేదు. జుట్టు విపరీతంగా రాలుతోంది, మలబద్ధకం వేధిస్తోంది, తిండి పెరగకపోయినా బరువు పెరుగుతోంది, ఇంట్లో అందరూ ఫ్యాను వేసుకునే రోజుల్లోనూ నాకు చలి వేస్తోంది. మా అమ్మకూ అక్కకూ థైరాయిడ్ ఉంది కనుక నాకూ అదేనేమోనని పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) 2.9 వచ్చింది, ఆ ల్యాబ్ ఇచ్చిన పరిధి 0.4 నుంచి 4.5 వరకు. అంతా నార్మలే, ఒత్తిడి తగ్గించుకోమని చెప్పి పంపేశారు. 25 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర మొదలుపెడితే తేడా తెలుస్తుందని ఆఫీసులో ఒకరు అంటున్నారు. జుట్టు కోసం వాడే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు తప్ప వేరే మందులేవీ లేవు. నేనేం చేయాలి?

జవాబు (ల్యాబ్‌లో పనిచేసేవారు, బెంగళూరు)

అమ్మా, మీరు చివర్లో చెప్పిన బయోటిన్ సంగతి ముందు చూడాలి. చాలా యంత్రాలు టీఎస్‌హెచ్‌ను కొలిచేటప్పుడు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ ఒకదానికొకటి గట్టిగా అతుక్కునే గుణాన్ని వాడుకుంటాయి. రక్తంలో మాత్రల బయోటిన్ ఎక్కువగా ఉంటే అది ఆ అతుకులో అడ్డుపడి, టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, ఫ్రీ టీ4ను (రక్తంలో స్వేచ్ఛగా ఉండే థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా చూపించగలదు. అంటే నిజంగా పెరిగిన టీఎస్‌హెచ్ కూడా నార్మల్‌గా కనబడే వీలుంది. ఈ విషయంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. అన్ని యంత్రాలకూ ఈ ఇబ్బంది లేదు, మోతాదును బట్టి కూడా మారుతుంది. అయినా కనీసం రెండు రోజులు ఆ మాత్రలు ఆపి, ఉదయం పూటే, అదే ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇవ్వండి. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కనుక వేర్వేరు వేళల ఫలితాలను పోల్చడం సరికాదు. ఫ్రీ టీ4 కూడా అడగండి. టీఎస్‌హెచ్‌ను విడుదల చేసే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోనే లోపం ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉండి టీ4 తగ్గుతుంది, ఇది అరుదు. కానీ కాన్పులో రక్తం బాగా పోయి, తర్వాత పాలు పడకపోయినా, నెలసరి తిరిగి రాకపోయినా ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి.

జవాబు (వేలచ్చేరి, చెన్నై)

మీ బాధ నిజమే అక్కా, దాన్ని ఒత్తిడి అని కొట్టిపారేయనివ్వకండి. నాకూ ఇవే లక్షణాలు ఉండేవి. హీమోగ్లోబిన్ దాదాపు సరిగ్గానే ఉండడంతో ఎవరూ ఇనుము గురించి ఆలోచించలేదు. చివరికి ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 9 వచ్చింది, అది బాగా తక్కువ. రక్తహీనత రాకముందే ఇనుము నిల్వలు అడుగంటవచ్చు, అలసట, జుట్టు రాలడం అప్పుడే మొదలుకావచ్చు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే దీన్ని తప్పక చూడాలి. శాకాహారులైతే బీ12 కూడా చేయించండి.

జవాబు (జనరల్ ఫిజీషియన్, బెంగళూరు)

పై రెండు సలహాలూ సరైనవే. అయితే ఇనుము తక్కువైనంత మాత్రాన బరువు పెరగదు. కాబట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగడం, షుగరు, మనసు కుంగి ఉండడం, నెలసరి క్రమం తప్పడం గురించి కూడా అడిగి తెలుసుకునే డాక్టరు మీకు కావాలి. కుటుంబ చరిత్ర ఉంది కనుక యాంటీ టీపీఓ (థైరాయిడ్‌పై ఒంటి రోగనిరోధక వ్యవస్థే దాడి చేస్తోందా అని చూసే రక్త పరీక్ష) ఒకసారి చేయించుకోండి. అది పాజిటివ్‌గా వచ్చి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే ఇప్పుడే మాత్ర అవసరమని కాదు. ఇంగ్లండులోని విక్‌హామ్‌లో 1970లలో మొదలై 20 ఏళ్లు కొనసాగిన పరిశీలనలో, అలాంటి స్త్రీలలో ఏటా సుమారు 2 శాతం మందికి హైపోథైరాయిడ్ (థైరాయిడ్ మందగించడం) వచ్చింది. అందుకే ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు. గర్భం ఆలోచనలో ఉంటే మాత్రం ముందే చెప్పండి, అప్పుడు లెక్క వేరు. ఆఫీసులో చెప్పిన మాత్ర మాత్రం సొంతంగా మొదలుపెట్టవద్దు. అవసరం లేని థైరాక్సిన్ మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు పలచబడవచ్చు. అంతకంటే ముఖ్యంగా, అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రక్తస్రావం ఎక్కువే, అది మామూలేననుకుని ఎక్కడా చెప్పలేదు. బయోటిన్ ఆపి, ఫెరిటిన్‌తో కలిపి అన్నీ చేయిస్తాను. ఇనుము మాత్ర రాస్తే ఉదయం ఫిల్టర్ కాఫీతో వేసుకోవచ్చా?

జవాబు (జనరల్ ఫిజీషియన్, బెంగళూరు)

కాఫీ, టీ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు కనుక వాటికీ మాత్రకూ మధ్య కనీసం గంట వ్యవధి ఉంచండి. ఎప్పుడైనా థైరాక్సిన్ వాడవలసి వస్తే దానికీ ఇనుము మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి. రక్తస్రావం ఎందుకు ఎక్కువవుతోందో స్త్రీల వైద్యురాలికి కూడా చూపించండి.