294409 ప్రధాన సంఖ్య కాదు, మరి నా ప్రోగ్రామ్ ఎందుకు ఔనంటోంది?

ప్రధాన సంఖ్యలు పట్టుకోవడానికి సరదాగా ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఫెర్మా పరీక్షే (ప్రధాన సంఖ్య అయితే, అది భాగించని ఏ సంఖ్యనైనా దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి దానితో భాగిస్తే శేషం 1 రావాలి), అంటే ఇక్కడ 2ను 294408వ ఘాతానికి ఎత్తి 294409తో భాగిస్తే శేషం 1 రావాలి, వచ్చింది. 3, 5, 7 పెట్టినా అదే 1. సరే ప్రధానమే అనుకుని, ఎందుకో అనుమానమొచ్చి మామూలుగా భాగించుకుంటూ పోతే 37 దగ్గర దొరికిపోయింది! 37 × 73 × 109 అట. గంటసేపు కోడ్‌లో తప్పు వెతికాను, తప్పు కోడ్‌ది కాదు.

తర్వాత తెలిసిందేంటంటే ఇది కార్మైకేల్ సంఖ్య, అంటే ప్రధానం కాకపోయినా, తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్య పెట్టినా ఫెర్మా పరీక్ష నెగ్గేసేది. కారణాంకాల్లోంచి ఒక్కోటి తీసేస్తే వచ్చే 36, 72, 108 మూడూ 294408ని నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి అలా మోసం చేస్తుందట, అంతవరకు అర్థమైంది. 36, 72, 108 అంటే 6కి 6, 12, 18 రెట్లు. 6 బదులు 1 పెడితే 6, 12, 18 వస్తాయి, ఒక్కోదానికి 1 కలిపితే 7 × 13 × 19, అంటే మన రామానుజన్ 1729! అదీ కార్మైకేల్ సంఖ్యేనట, చూసి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఇప్పుడు నా డౌట్లు. కార్మైకేల్ సంఖ్యలు అనంతమని 1994లో నిరూపించారు కదా, ఈ 6, 12, 18 వరసలో వచ్చేవి కూడా అనంతమేనా? ఇంకోటి, 294409ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, 540² + 53² ఒకటి, 528² + 125² ఇంకొకటి దొరికాయి. ఇంకా ఉన్నాయా, ఎన్నుంటాయో కారణాంకాలు చూసి ముందే చెప్పొచ్చా? ఫెర్మా బదులు మిల్లర్-రాబిన్ (ప్రధాన సంఖ్యలకే ఇంకాస్త గట్టి పరీక్ష) పెడితే ఇలాంటివి ఎలా దొరికిపోతాయో కూడా ఎవరైనా కాస్త విడమర్చి చెప్పండి ప్లీజ్, ఇంటర్ లెక్కల స్థాయిలో అయితే నాకు ఎక్కుతుంది.