ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య: ఈ సామెతలో మల్లయ్య ఎవరు?

పెద్దా చిన్నా అందరం కలిసి క్రూయిజ్‌కి వెళ్దామని మా ఇంట్లో కొన్నాళ్ళుగా అనుకుంటున్నాం. గదులు, టికెట్లు, వీసాలు చూసే పని నా మీద పడింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా బాబాయ్, "ఇప్పుడంటే అందరూ నిన్నే అడుగుతారురా. ఓడ ఎక్కాక చూడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్నారు. వెంటనే మా వదిన అందుకుని, "అంటే మేమంతా ఓడ మల్లయ్యలమా మామయ్యగారూ?" అని అడిగింది. అందరం నవ్వుకున్నాం. కానీ ఈ సామెతని ఇప్పుడు చాలామంది వదిన అనుకున్నట్టే వాడుతున్నారు. "వాడొట్టి ఓడ మల్లయ్య" అంటే అవసరం తీరాక మొహం చాటేసేవాడని అర్థం చెప్పేస్తున్నారు. అందుకే ఇక్కడ చర్చకి పెడుతున్నాను. ఇప్పటికే కొందరు అడిగిన ప్రశ్నలకి జవాబులూ ఇందులోనే కలిపేశాను.

సామెతలో మల్లయ్య ఓడ నడిపేవాడు. అవతలి ఒడ్డుకి చేర్చేవాడు. అవసరం ఉన్నంతసేపూ అతని పేరు ముందు ‘ఓడ’ ఉంటుంది, అంటే అతని పనికి దక్కిన మర్యాద. కాలు ఒడ్డున పడగానే ఆ చోటికి ‘బోడి’ వస్తుంది. మనిషి మారలేదు, పేరూ మారలేదు, పిలిచేవాళ్ళ నోరు మారింది. సామెత నిజానికి ఆ పిలిచేవాళ్ళ గురించే. కానీ అందులో వాళ్ళ పేరు లేదు, కనిపించేది మల్లయ్య పేరొక్కటే. కాబట్టి నింద కూడా అతనికే చుట్టుకుంది. మేలు చేసినవాడి పేరునే మేలు మరిచినవాడికి తగిలించడం నాకు చాలా బాధగా ఉంటుంది. బాబాయ్ సరిగ్గానే వాడారు: ఆయన లెక్కలో మల్లయ్యని నేను, దిగిపోయేవాళ్ళు మిగతావాళ్ళు.

ఈ మాట నోటికి ఇంత బాగా ఎందుకు పట్టిందో కూడా చూడండి. ఓడ, బోడి. రెండింట్లోనూ మొదటి అక్షరం గురువు, రెండోది డకారం. పద్యంలో పెడితే ప్రాస కుదిరిపోతుంది.

"ఏటిలో ఓడ ఏమిటండీ, పడవ కదా ఉండాలి?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఇప్పుడు ఓడ అనగానే మనకి సముద్రమూ, రేవూ, అంతస్తులకి అంతస్తులూ గుర్తొస్తాయి. పాత వాడుకలో చిన్న పడవ కూడా ఓడే. తమిళంలో ఓడం, కన్నడంలో ఓడ అంటే ఇప్పటికీ పడవ. మన దగ్గరే ఇంకో సాక్ష్యం ఉంది. ఓడల మీద బండ్లు వస్తాయి, బండ్ల మీద ఓడలు వస్తాయి, కలిమి లేములూ అలాంటివే అని సుమతీ శతకంలో పద్యం ఉంది కదా. బండి మీదికి ఎక్కించగలిగారంటే ఆ ఓడ ఎంత ఉంటుంది? దాన్నే మనం "ఓడలు బండ్లవుతాయి" అని కుదించేశాం. పద్యంలో ఓడ బండిగా మారదు, బండెక్కి వస్తుంది అంతే. ఇక 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు సుమారు 365 మీటర్లు, నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. మల్లయ్య ఓడనీ దీన్నీ ఒకే మాట మోస్తోంది. పత్రికలు విహారనౌక అని రాస్తాయి, బాగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. అందరం క్రూయిజ్ అనే అంటాం. క్రూయిజర్ అని మాత్రం అనకండి, నౌకాదళంలో అది యుద్ధనౌక.

"బోడి అంటే తిట్టు కదా, ఇంట్లో వాడొచ్చా?" అని ఇంకో ప్రశ్న. బోడి అంటే మొదట గుండు, జుట్టు లేని తల. బోడిగుండు అన్నప్పుడు ఆ అర్థమే. అక్కడినుంచి పస లేనిది, పనికిరానిది అనే అర్థం వచ్చింది: బోడి చదువు, బోడి ఉద్యోగం, బోడి సలహా. పెద్దవాళ్ళని ఉద్దేశించి ఎప్పుడూ అనకూడదు. తోబుట్టువుల మధ్య చెల్లుతుంది. నేను గ్రూపులో పెట్టే జాగ్రత్తలన్నిటికీ మా చెల్లెలు ‘అన్నయ్య బోడి సలహాలు’ అని పేరు పెట్టి, వాటినే మళ్ళీ తన ఫోన్‌లో దాచుకుంటోంది.

ఆ సలహాలేవో ఇక్కడ కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా గ్రూపులో ఎక్కువ గొడవ గది దగ్గరే. బాబాయ్‌కి బాల్కనీ కావాలి. "పొద్దున్న లేచి సముద్రం చూడకపోతే ఓడెక్కడం ఎందుకు?" అంటారు. వదిన లెక్క వేరు: "పిల్లలు పగలంతా ఈతకొలను దగ్గరే ఉంటారు, పడుకోవడానికి కిటికీ లేని గదైతే చాలు, పైగా చవక." ఇద్దరిదీ నిజమే. మధ్యేమార్గం ఏమిటంటే, పెద్దవాళ్ళకి బాల్కనీ గది తీసుకుని, పిల్లలున్నవాళ్ళు దానికి ఎదురుగానో దగ్గర్లోనో లోపలి గది తీసుకోవడం. సాయంత్రం అందరూ బాల్కనీలోనే చేరతారు. రెండు గదుల మధ్య తలుపు ఉండాలంటే బుక్ చేసేటప్పుడే ‘కనెక్టింగ్’ అని అడగాలి. పక్కపక్క గదులన్నంత మాత్రాన మధ్యలో తలుపు ఉండదు. అలాగే వేర్వేరుగా బుక్ చేసుకున్నవాళ్ళు తమ బుకింగ్ నంబర్లని ఒకదానికొకటి కలపమని కంపెనీకి చెప్పాలి. లేకపోతే రాత్రి భోజనానికి తలో బల్ల దగ్గర, తలో సమయంలో కూర్చోవాల్సి రావచ్చు. కుటుంబంతో వెళ్ళి అలా తినడం కంటే వెలితి ఇంకోటి ఉండదు.

"అమ్మకి మోకాళ్ళ నొప్పి, తీసుకెళ్ళొచ్చా?" అని ఒక అక్క అడిగారు. బోడిగుండుకీ మోకాలికీ ముడి ఉండదంటారు గానీ, ఈ బోడి సలహాకి మాత్రం మోకాలితోనే ముడి. తప్పకుండా తీసుకెళ్ళండి అక్కా. లిఫ్టుకి దగ్గరగా, ఓడ పొడవుకి మధ్యలో, కింది అంతస్తుల్లో గది చూడండి. ఓడ ఊగడం అక్కడే తక్కువ తెలుస్తుంది, నడకా తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రతి రేవులోనూ పెద్ద ఓడ గట్టుకి ఆనదు. లోతు చాలకపోతేనో, చోటు లేకపోతేనో దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. అలల మీద కదులుతున్న పడవలోకి అడుగు వెయ్యాలి, అమ్మకి కష్టం కావచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళని కొన్నిచోట్ల దించరు కూడా. ఏయే రేవుల్లో అలా దించుతారో ప్రయాణ వివరాల్లో ‘టెండర్’ అని రాసి ఉంటుంది. బుక్ చేసే ముందే చూసుకోండి. మొత్తానికి అంత పెద్ద ఓడ ఎక్కినా చివరికి ఒడ్డుకి చేర్చేది ఓ చిన్న పడవే, మల్లయ్య నడిపినలాంటిదే.

లంగరు మాట పారసీ నుంచి వచ్చింది. మనవాళ్ళు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే, ఎక్కడైనా కదలకుండా కూర్చున్న చుట్టాన్ని కూడా "లంగరేశాడు" అంటాం.

"ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అనేది కూడా ఇదే కదా?" అన్నారు ఒకాయన. దగ్గరిదే, కానీ తేడా ఉందండీ. తెప్పకి ప్రాణం లేదు, దాన్ని తగలేస్తే నష్టం తగలేసినవాడికే, మళ్ళీ దాటాలంటే దారి ఉండదు. మల్లయ్య సామెతలో చిన్నబోయేది ఒక మనిషి. అందుకే నాకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది. అయితే ప్రయాణానికి తెప్ప సామెతే బాగా పనికొస్తుంది. చాలా క్రూయిజ్‌లు ఎక్కిన రేవుకే తిరిగొస్తాయి. మధ్యలో వేరే దేశం రేవుకి వెళ్ళి వస్తే, ఎక్కిన దేశంలోకి మళ్ళీ కొత్తగా ప్రవేశించినట్టే లెక్క. మీకు అక్కడ వీసా అవసరమైతే, ఒక్కసారి ప్రవేశానికిచ్చిన వీసా సాధారణంగా చాలదు. ఓడ ఎక్కడానికి ఆ దేశంలోకి వచ్చినప్పుడే ఆ ఒక్క అవకాశమూ వాడేసుకుంటే తెప్ప తగలేసుకున్నట్టే. ఓడ ఆగే ప్రతి దేశానికీ ఎవరెవరికి వీసా కావాలో ముందే చూసుకోవాలి, ఒకే ఇంట్లో వేర్వేరు దేశాల పాస్‌పోర్టులు ఉంటే మరీనూ. పాస్‌పోర్టులకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకుంటే టెన్షన్ ఉండదు.

బాబాయ్ మాటలో నేను ఒప్పుకోనిది ఒక్కటే. ఓడ ఎక్కాక మల్లయ్యతో పని ఉండదన్నారు. క్రూయిజ్‌లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఈలోగా నాన్న మందులు, పిల్లల ఈత బట్టలు, కళ్ళజోళ్ళు అన్నీ ఆ పెట్టెల్లో ఉంటే ఎవరిని అడుగుతారు? అందుకే చేతిసంచి ఒకటి విడిగా పెట్టుకోవాలి. ఓడ కదిలే ముందు మస్టర్ డ్రిల్ ఉంటుంది: ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ రాయిని గుద్దుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ ఓడలో అంతకుముందే కొత్తగా ఎక్కినవాళ్ళలో చాలామందికి ఇంకా డ్రిల్ జరగలేదు. తర్వాత నిబంధన మార్చి, ఓడ బయల్దేరే ముందో బయల్దేరగానేనో జరిపి తీరాలన్నారు. కాబట్టి "ఫొటోలు దిగి వస్తాం" అనే కుర్రాళ్ళని చెవి పట్టుకుని అయినా తీసుకెళ్ళాలి. ఇందులో నేను మొహమాటపడను.

మరొకటి సమయం. ఓడకి ఓడ టైము ఉంటుంది. ఒడ్డున దిగగానే మన ఫోన్ తనంతట తాను ఆ ఊరి టైముకి మారిపోవచ్చు, ఓడ మాత్రం తన టైములోనే ఉండొచ్చు. ఒక్క గంట తేడా చాలు. ఓడ కదిలే సమయానికి అరగంటో గంటో ముందే లోపల ఉండమంటారు, సొంతంగా ఊరు చూడడానికి వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు. అలా ఉండిపోతే తర్వాతి రేవు దాకా సొంత ఖర్చుతో వెళ్ళాలి. చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైముకి కలుపుకోవడం అన్నిటికన్నా తేలిక. ఆ వాచీ పని మా బాబాయ్‌కి ఇచ్చాం. ఇప్పుడు ఆయన పేరు గ్రూపులో ‘టైము మల్లయ్య’. మందుల సంచి చెల్లెలిది, భోజనాల బల్ల వదినది. ఇలా పంచుకుంటే అందరూ మల్లయ్యలే, ఇక బోడి అనడానికి ఎవరూ మిగలరు. సముద్రం మీద ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించే పని పిల్లలకి ఇచ్చాం. ఓడ సొంత టవరుకి ఫోన్ తగులుకుంటే బిల్లు తల తిరిగేలా వస్తుంది.

చిన్న ప్రశ్నలకి గబగబా జవాబులు. నెలల పిల్లలని సాధారణంగా ఆరు నెలలు నిండితేనే ఎక్కిస్తారు, మహాసముద్రం దాటే లాంటి దూర ప్రయాణాలకి ఏడాది నిండాలి. గర్భిణులకి 24వ వారం వస్తే చాలా కంపెనీలు ఒప్పుకోవు, అదీ బయల్దేరే రోజుకి కాదు, ప్రయాణం ముగిసే రోజుకి లెక్క. ఇస్త్రీపెట్టె తీసుకెళ్తే లోపలికి రానివ్వరు, నిప్పు భయం. తల తిప్పడం ఆపే మాత్ర వాంతి వచ్చాక కాదు, ఊగడం మొదలయ్యే ముందే వేసుకోవాలి, ఏ మాత్రో డాక్టర్ని అడగండి. తినే ముందు చేతులు సబ్బుతో కడగండి, ఓడల్లో వ్యాపించే, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ ఒక్కటీ సరిపోదు. సిబ్బందికిచ్చే టిప్పు చాలా ఓడల్లో మనిషికి రోజుకింత అని బిల్లులో దానంతట అదే పడుతుంది, పిల్లల పేరు మీద కూడా. బడ్జెట్ వేసేటప్పుడు అది మరిచిపోతే చివరి రోజు ఇంటిల్లిపాదీ బిల్లు పట్టుకుని కూర్చుంటారు.

మళ్ళీ సామెత దగ్గరికి. కొందరు మల్లయ్య బదులు మల్లన్న అంటారు. ‘ఏరు దాటేవరకు’ అనేవాళ్ళూ ఉన్నారు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా అంటారో, ముఖ్యంగా ‘ఓడ మల్లయ్య’ అని ఎవరిని అంటారో, సాయం చేసినవాడినా మరిచినవాడినా, అడిగి రాయండి. మా వదిన కూడా మీ జవాబుల కోసం చూస్తోంది, బాబాయ్‌తో పందెం కట్టింది.