అల్లానికి టిష్యూకల్చర్ మొక్కలు వేయొచ్చా? (పలమనేరు వైపు)

పలమనేరు_పొలం: పోయిన సంవత్సరం ఎకరాకు 650 కిలోల విత్తనపు అల్లం తెచ్చి వేస్తే వానలకు సగం మడులు కుళ్ళిపోయినాయి. అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. తిరుపతిలో ఒక నర్సరీ వాళ్ళు టిష్యూకల్చర్ అల్లం మొక్కలు, అంటే ల్యాబులో సీసాల్లో పెంచినవి, తెప్పిస్తామంటున్నారు. అరటికి జీ9 రకం టిష్యూకల్చర్ మొక్కలు వేసి బాగుపడినాం కదా, దీనికెందుకు వేయకూడదు?

ల్యాబ్_సీసా: నిశ్చింతగా వేయండన్నా. అల్లానికి గింజ కట్టదు, దుంపే విత్తనం, కాబట్టి దుంపలో ఉన్న తెగులు కూడా మీ పొలానికి వచ్చేస్తుంది. మా ల్యాబులో అయితే తెగులు లేని తల్లి దుంప మొగ్గ కొన తీసి, శుద్ధి చేసి, సీసాలో పిలకలు పుట్టించే బీఏపీ హార్మోన్ కలిపిన పోషకాల మీడియం మీద పెడతాం. పిలకలు వస్తాయి, విడదీసి మళ్ళీ పెడతాం. వేళ్ళు వచ్చాక కొబ్బరి పొట్టులో షేడ్‌నెట్ కింద గట్టిపరిచి ఇస్తాం.

కుప్పం_తాత: మొక్క ఎంతమ్మా?

మునిసామి_చిత్తూరు: అవన్నీ సరే. ఆ పొలంలో అంతకుముందు టమోటా వేసినావా లేదా?

పలమనేరు_పొలం: వేసినా. ఇక్కడ వేయనోడెవరు?

మునిసామి_చిత్తూరు: ఇంకేం. టమోటా, వంకాయ, మిరప, బంగాళాదుంపలను వాడగొట్టే రాల్‌స్టోనియా బ్యాక్టీరియా అల్లాన్నీ పడుతుంది, మట్టిలోనే కాచుకొని ఉంటుంది. సీసాలో ఎంత శుభ్రంగా పెంచినా ఆ మట్టిలో పెట్టినాక ఏం లాభం? ఈసారి మొక్క వాడితే కాండం కోసి గాజు గ్లాసు నీళ్ళలో నిలబెట్టి చూడు. తెల్లటి దారాల్లా కారితే బ్యాక్టీరియా. కారకుండా మొదలు మెత్తబడి, లాగితే ఊడొస్తే అది పిథియం అనే బూజు తెచ్చే కుళ్ళు, నీళ్ళు నిలిచినందుకు వచ్చేది.

ల్యాబ్_సీసా: అంటే టిష్యూకల్చర్ దండగంటారా? అరటికీ మొదట్లో మీలాంటి పెద్దవాళ్ళు ఇదే మాటన్నారు.

మునిసామి_చిత్తూరు: నేను అన్నది మట్టి గురించి. చదవమ్మా ముందు.

ల్యాబ్_సీసా: చదివాను. విత్తనంలోనే తెగులుంటే మంచి మట్టి కూడా పాడవుతుంది, దానికేమంటారు? ప్రతిదానికీ టమోటా టమోటా అంటే ఎలా?

మునిసామి_చిత్తూరు: ఏసీ గదిలో కూర్చొని చెప్పడం సులభం. మా తమ్ముడు ఇలాంటి మాటలే నమ్మి అప్పు చేసి ల్యాబ్ అల్లం వేస్తే కోతకు చిటికెన వేలంత దుంపలు వచ్చినాయి. మండీలో ఎవరూ తాకలేదు. కోళిక్కోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్ళే చెప్తారు కదా, ఈ మొక్కలకు మామూలు సైజు దుంప రావాలంటే కనీసం రెండు పంట కాలాలు కావాలని. ఆ ముక్క నువ్వెందుకు చెప్పలేదు?

ల్యాబ్_సీసా: ఎవరూ అడగలేదు! అయినా మొదటి ఏడాది పంట మండీకి కాదు, అది విత్తనం పెంచుకోవడానికే. ఈ మాత్రం మా రంగంలో అందరికీ తెలుసు.

రేణిగుంట_బాబు: 🍿

పలమనేరు_పొలం: అందరికీ అంటే ఎవరికి? నాకు తెలీదు. నాది కౌలు పొలం, ఉగాదికి ఉగాదికి మాట. మొదటి ఏడు అమ్మకానికి దుంప లేకుంటే కౌలు డబ్బు ఏం పెట్టి కట్టేది? రెండో ఏడు ఆ పొలం నా చేతిలో ఉంటుందో లేదో.

మునిసామి_చిత్తూరు: అదీ సంగతి. సొంత పొలం ఉన్నోడికి చెప్పే సలహా కౌలుదారుకు చెప్తే మునిగిపోతాడు.

ల్యాబ్_సీసా: అలాంటప్పుడు ఆ మొదటి ఏళ్ళు ప్రభుత్వ ఫారాలు పెంచి, దుంప రైతుకివ్వాలి. అది మా ల్యాబ్ తప్పా?

మునిసామి_చిత్తూరు: ఇస్తే నేనే ముందు వరుసలో నిలబడతా. ఇచ్చేదాకా కౌలుదారులకు అమ్మొద్దు, లేదా రెండేళ్ళ సంగతి చీటీ మీద రాసివ్వండి.

ల్యాబ్_సీసా: అన్నా, మీరైతే ప్రోట్రే పద్ధతి చూడండి. ఒకే మొగ్గ ఉన్న అయిదు గ్రాముల ముక్కలు ట్రేలో పెట్టి నెల దాటాక నాటాలి. ఎకరాకు 200-300 కిలోల విత్తనం సరిపోతుంది, పంట ఆ ఏడే అమ్ముకోవచ్చు.

మునిసామి_చిత్తూరు: ఆ ముక్కలైనా కుళ్ళు లేని తోటలో నువ్వే నిలబడి ఏరుకో. ఆ టమోటా పొలంలో మాత్రం పెట్టొద్దు.

పలమనేరు_పొలం: వేరే పొలం ఎవరిస్తారు సామీ?