క్రూగర్‌లో చిరుత కోసం: రెండు పొద్దులే మిగిలాయి, ఏ రోడ్డు పట్టాలి?

దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో కారు మేమే నడుపుకుంటూ తిరుగుతున్నాం. బస లోయర్ సాబీ క్యాంపులో. మూడు రోజుల్లో సింహాలు, ఏనుగులు, ఖడ్గమృగం అన్నీ కనిపించాయి. చిరుత మాత్రం లేదు.

ఆగస్టు కాబట్టి గేటు ఉదయం 6కి తీస్తారు. మూడు రోజులూ మొదటి నాలుగు కార్లలో మేమున్నాం. సాబీ నది వెంట స్కుకుజా క్యాంపు దాకా పోయే హెచ్4-1 తారు రోడ్డు మీదే పొద్దున ఒకసారి, మళ్లీ 3:30 నుంచి గేటు మూసే 6 లోపు ఇంకోసారి తిరిగాం. వేగ పరిమితి గంటకు 50 కి.మీ. అయినా 20 దాటలేదు. అత్తిచెట్ల కొమ్మలు చూసీ చూసీ మెడలు పట్టేశాయి. నిన్న తోక వేలాడుతోందని బ్రేకు వేస్తే అది సాసేజ్ చెట్టు కాయ! వెనక కార్లు కూడా ఆగిపోయాయి పాపం.

జంతువులు కనిపించిన చోట్లు చూపే క్యాంపు బోర్డులో చిరుత గుర్తు పెట్టిన చోటికి రెండుసార్లు వెళ్లాం, ఖాళీ. పార్కు వాళ్ల సాయంత్రం ట్రక్కు కూడా ఎక్కితే హైనాలే కనిపించాయి.

ఈ కాలంలో అక్కడ తిరిగినవాళ్లు చెప్పండి: మిగిలిన రెండు పొద్దులూ నది రోడ్డునే నమ్ముకోవాలా, లేక ఎన్‌కుంబే కొండ మీదుగా పోయే హెచ్10కి మారాలా?