కారుకి విడిగా జీపీఎస్ నావిగేటర్ వాడేవాళ్లు ఇంకా ఉన్నారా?

కొత్తచక్రం:
మా బాబాయి కారు మార్చారు. కొత్తదాంట్లో తెర ఉందని, పాత కారులో వాడిన నావిగేటర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఐదంగుళాల తెర, అద్దానికి అతికే స్టాండు, వైరు అన్నీ ఉన్నాయి. "ఫోన్ ఉండగా ఈ డబ్బా ఎందుకురా" అని ఇంట్లో ఒకటే నవ్వు. కానీ ఎండలో ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోవడం, సరిగ్గా మలుపు దగ్గరే ఎవరో కాల్ చేయడం, వీటితో విసిగిపోయి దీన్ని వాడి చూద్దామనుకుంటున్నాను.

సమస్యలు రెండు. ఆన్ చేస్తే ఉపగ్రహాల కోసం వెతుకుతున్నానంటూ ఎంతసేపైనా అలాగే ఉంటోంది. బండి కదిలాక కూడా అంతే. రెండోది, తేదీ ఎప్పటిదో చూపిస్తోంది, దాదాపు ఇరవై ఏళ్ల వెనకటిది. పాడైపోయిందంటారా? రోజూ వాడేవాళ్లు కాస్త చెప్పండి.

పాతడ్రైవర్:
పాడవలేదండీ. చాలాకాలం అలమరలో పడున్న పరికరం ఏదైనా మొదట్లో ఇలాగే సతాయిస్తుంది.

ప్రతి ఉపగ్రహం తానెక్కడుందో చెప్పే వివరాలను 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. వేగం సెకనుకు 50 బిట్లే, అంటే నత్తనడక. ఆ వివరాలు మొత్తం అందితే తప్ప ఆ ఉపగ్రహం లెక్కలోకి రాదు. మధ్యలో చెట్టో వంతెనో ఎత్తైన భవనమో అడ్డొచ్చిందా, తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. స్థానం తేలాలంటే అలాంటివి కనీసం నాలుగు కావాలి. మీరేమో ఆన్ చేసి వెంటనే బండి కదిలిస్తున్నారు. సందుల్లో తిరుగుతుంటే ఒక్కటీ పూర్తిగా అందదు.

ఆకాశం బాగా కనబడే చోట బండి ఆపి, ఆన్ చేసి, ఓ పావుగంట కదపకుండా వదిలేయండి. ఉపగ్రహాలన్నిటి ఉజ్జాయింపు జాబితా ఒకటి ఉంటుంది, అది పూర్తిగా దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఒకసారి దిగితే ఇక ఇంత బాధ ఉండదు. రోజూ వాడేదైతే అర నిమిషంలోనో, ఇంకా ముందే దారిలో పడుతుంది.

ఫోన్‌చాలు:
ఇంత తతంగం అవసరమా అసలు? ఫోన్ తీస్తే క్షణాల్లో చూపిస్తుంది. సిగ్నల్ ఉండని చోటికి వెళ్తుంటే ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకుంటే సరి. ట్రాఫిక్ కూడా ఫోన్‌కే తెలుస్తుంది. మీ డబ్బాకి ముందు రోడ్డు జామ్ అయిందని చెప్పేదెవరు?

పాతడ్రైవర్:
ఫోన్‌కి అంత తొందరగా దొరకడానికి కారణం, నేను చెప్పిన ఆ వివరాలను అది ఉపగ్రహం నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి తెచ్చుకోవడమే. కొండల్లో నెట్ లేనిచోట ఫోన్ ఆపి ఆన్ చేసి చూడండి, అప్పుడది కూడా ఈ డబ్బాలాగే కూర్చుని వినాల్సిందే.

ట్రాఫిక్ విషయంలో మాత్రం మీరన్నది నిజం. కొన్ని పరికరాలు ఎఫ్ఎం రేడియో ద్వారా ట్రాఫిక్ సమాచారం అందుకుంటాయి, కానీ ఆ సేవ ఉన్న ప్రాంతాల్లోనే. మరికొన్ని బ్లూటూత్‌తో ఫోన్ నుంచే తీసుకుంటాయి. ఊళ్లో ఆఫీసుకెళ్లి రావడానికి నేను కూడా ఫోనే వాడతాను. దూరం వెళ్లేటప్పుడే ఈ డబ్బా.

తేదీల మాస్టారు:
తేదీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు!

జీపీఎస్ ఉపగ్రహాలు తేదీని నెల, సంవత్సరంగా పంపవు. 1980 జనవరి 6 నుంచి ఎన్నో వారమో పంపుతాయి. పాత సంకేతంలో ఆ వారం సంఖ్యకి కేటాయించింది పది బిట్లే. 1023 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. అలా మొదటిసారి 1999 ఆగస్టులో, రెండోసారి 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి తిరిగింది. ఇంకోసారి 2038 నవంబరులో తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాని పాత పరికరాలు అక్కడే 1024 వారాలు, అంటే సుమారు 19 ఏళ్ల ఏడున్నర నెలలు వెనక్కి పోతాయి. అన్నీ ఒకే రోజు పోవు, తయారీదారు లోపల పెట్టిన లెక్కని బట్టి కొన్ని ఆ తర్వాత ఎప్పుడో బోల్తా పడతాయి.

తేదీ తప్పినా సాధారణంగా దారి తప్పదు, గంటా నిమిషం కూడా సరిగ్గానే ఉంటాయి. కానీ ఓ తమాషా ఉంది. తెర పగటి రంగుల నుంచి రాత్రి రంగులకి మారేది సూర్యాస్తమయం లెక్కతో. ఏళ్లు మాత్రమే తప్పితే ఫర్వాలేదు గానీ, ఆ అదనపు ఏడున్నర నెలల వల్ల రుతువే మారిపోతుంది. డిసెంబరులో పరికరం ఏప్రిల్ అనుకుంటుంది. చీకటి పడినా తెర తెల్లగా కళ్లలో కొడుతుంటే కారణం అదే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దొరికితే వేయండి, దొరక్కపోతే సెట్టింగుల్లో రంగుల్ని ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో మార్చుకోండి.

కొత్తచక్రం:
మాస్టారూ, దండం! నిజంగానే రాత్రిపూట తెర తెల్లగా ఉంటోంది, బ్రైట్‌నెస్ సమస్య అనుకున్నాను. పాతడ్రైవర్ గారు చెప్పినట్టు మైదానం పక్కన ఆపి వదిలేస్తే ఉపగ్రహాలు దొరికాయి. కాకపోతే ఇంకో వింత. బాబాయి ఇచ్చిన వైరు ఇంట్లో మర్చిపోయి ఫోన్‌కి వాడే మామూలు యూఎస్‌బీ వైరు గుచ్చితే మ్యాప్ మాయమై తెర మీద కంప్యూటర్ బొమ్మ వచ్చి కూర్చుంది.

రాత్రిబండి:
హహ, ఇది అందరికీ ఎదురయ్యేదే. మామూలు వైరులో కరెంటుతో పాటు డేటా తీగలు కూడా ఉంటాయి. అవి తగలగానే కొన్ని నావిగేటర్లు తమని కంప్యూటర్‌కి కలిపారనుకుని పెన్‌డ్రైవ్‌లా మారిపోతాయి. పరికరంతో పాటు వచ్చే కారు వైరు పిన్నులో చిన్న తేడా ఉంటుంది, దాన్ని బట్టే అది "ఇది ఛార్జింగే" అని గుర్తుపడుతుంది. అసలు వైరు పోతే ఆ మోడల్‌కి పనికొచ్చేదే అడిగి తీసుకోండి, పిన్ను పట్టినంత మాత్రాన పనిచేయదు.

సాకెట్ సంగతి కూడా చూసుకోండి. కొన్ని కార్లలో ఇంజను ఆపి తాళంచెవి తీసేసినా సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. వారం రోజులు అలాగే వదిలేస్తే కారు బ్యాటరీ దిగిపోయే ప్రమాదం ఉంది. తలుపు వేసే ముందు పీకేయడం అలవాటు చేసుకోండి.

లోపలి బ్యాటరీ పాతదైతే ఎలాగూ కాసేపే వస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. పరికరం వెనక మూత కొద్దిగా పైకి లేచినట్టు కనబడితే మాత్రం బ్యాటరీ ఉబ్బినట్టే, ఇక ఛార్జింగ్ పెట్టొద్దు. ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేయడం దీనికి ఒక ముఖ్య కారణం.

అద్దంముందు:
ఒక ముఖ్యమైనది మిగిలిపోయింది. ఎంతసేపు ఆగినా ఉపగ్రహాలు దొరక్కపోతే మీ కారు ముందద్దాన్ని అనుమానించండి. ఎండ వేడిని ఆపడానికి కొన్ని అద్దాలకి కనబడనంత పల్చటి లోహపు పూత ఉంటుంది. అది వేడితో పాటు జీపీఎస్ సంకేతాన్నీ ఆపేస్తుంది. అలాంటి అద్దాల్లో చాలావాటికి వెనక చూసే అద్దం దగ్గర పూత లేని కిటికీ లాంటి భాగం వదులుతారు, చిన్న చిన్న చుక్కలతో గుర్తు కనిపిస్తుంది. పరికరం అక్కడ పెడితే చూడటానికి ఇబ్బంది, కాబట్టి బయటి యాంటెన్నా పెట్టుకునే వీలున్న మోడల్ అయితే యాంటెన్నా అక్కడ పెట్టి, తెరని కింద పెట్టుకోండి. పరికరాన్ని కారు బయటకి తెచ్చి చూస్తే తేలిపోతుంది: బయట దొరికి లోపల దొరక్కపోతే తప్పు అద్దానిదే.

స్టాండు విషయానికొస్తే, అద్దాన్నీ రబ్బరునీ రెండిటినీ జిడ్డు పోయేలా తుడిచి, ఆరాక నొక్కితే నిలబడుతుంది. డ్రైవరు కళ్లకి ఎదురుగా వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట అసలే వద్దు. ఎక్కడ అతికించాలనే దాని మీద కొన్నిచోట్ల చట్టాలు కూడా ఉన్నాయి. దిగేటప్పుడు పరికరం తీయడమే కాదు, అద్దం మీద మిగిలే ఆ గుండ్రటి మచ్చ కూడా తుడవండి. దొంగకి ఆ మచ్చ చాలు, డ్యాష్‌బోర్డు పెట్టెలో ఏముందో తెలిసిపోతుంది.

నక్షాలరాణి:
నాకు దీనివల్ల బాగా ఉపయోగపడింది అడ్రసు లేని చోట్లకి వెళ్లడం. ఊరవతల పొలాల్లో ఉన్న ఇళ్లకి వీధి పేరుండదు, అక్షాంశ రేఖాంశాలు కొట్టి వెళ్లాలి. కానీ జాగ్రత్త. ఆ అంకెలు రాసే పద్ధతులు ఒకటి కాదు. మా సహోద్యోగికి ఎవరో అక్షాంశం 40 డిగ్రీల 30 నిమిషాలు అని చెప్తే ఆయన పరికరంలో 40.30 అని కొట్టారు. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 30 నిమిషాలంటే అర డిగ్రీ, కొట్టాల్సింది 40.50. ఆ 0.20 డిగ్రీల తేడా నేల మీద సుమారు 22 కిలోమీటర్లు! వెళ్లి చూస్తే చెరువు గట్టు. సెట్టింగుల్లో ఏ పద్ధతి ఉందో చూసి, అంకెలు పంపినవాళ్లది కూడా అదేనా అని అడిగాకే బయల్దేరండి.

సందుల్లోసారథి:
కొత్తచక్రం గారూ, ముందు "రూట్" సెట్టింగు తెరిచి "అతి దగ్గర దారి" ఎంచుకుని ఉందేమో చూడండి. ఉంటే వెంటనే "అతి త్వరగా"కి మార్చండి. దగ్గర దారి అంటే పరికరానికి నిజంగా దగ్గర దారే. రెండు వందల మీటర్లు తగ్గుతుందంటే హైవే దింపి గోడకీ గోడకీ మధ్య నుంచి తీసుకెళ్తుంది. మట్టి రోడ్లు వద్దు, పడవ దాటడాలు వద్దు అని పెట్టుకునే వీలు కూడా అక్కడే ఉంటుంది.

ఫ్లైఓవర్ దగ్గర దాని మాట నమ్మకండి. పైన రోడ్డు, కింద రోడ్డు మ్యాప్ మీద ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆకాశం బాగా కనబడే చోటే పొరపాటు కొన్ని మీటర్లు ఉంటుంది, ఎత్తు లెక్కలో ఇంకా ఎక్కువ. మీరు కింద వెళ్తున్నా పైనున్నారనుకుని "ముందుకు సాగండి" అంటూ ఉంటుంది, మీ మలుపు దాటిపోతుంది. అలాంటి చోట గొంతు వినడం మాని బోర్డులు చదవడమే. సొరంగాల్లోనూ అంతే. కారులోనే అమర్చిన వాటికి చక్రం తిరిగే లెక్క అందుతుంది, మన డబ్బాకి అందదు. చివరిసారి ఉన్న వేగంతోనే వెళ్తున్నారని ఊహించి బాణాన్ని కాసేపు జరుపుతుంది. లోపల దారి రెండుగా చీలితే దానికి తెలియదు.

ఫోన్‌చాలు:
చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు :) పైగా మ్యాప్ పాతబడితే? కొత్త బైపాస్ మీద వెళ్తుంటే పొలాల్లో ఎగురుతున్నట్టు చూపిస్తుంది.

నక్షాలరాణి:
అది నిజమే, ఈ డబ్బాలకి అసలు జబ్బు అదే. కొనేటప్పుడు "జీవితకాలం ఉచిత మ్యాప్‌లు" అని రాసుంటే అది మీ జీవితకాలం కాదు, కంపెనీ ఆ మోడల్‌ని పట్టించుకున్నంత కాలం. ఆ తర్వాత కొత్త మ్యాప్ లోపలి మెమరీలో పట్టదంటారు. అప్పుడు మెమరీ కార్డు స్లాటు ఉందేమో చూడండి. పాత పరికరాలు చాలావరకు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డే చదువుతాయి, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

మీది గార్మిన్ కంపెనీ నావిగేటర్ అయితే ఇంకో దారి కూడా ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నక్షా అందరూ కలిసి గీసేది, ఉచితం. దాన్ని గార్మిన్ చదివే రూపంలోకి మార్చి పెట్టేవాళ్లున్నారు. ఆ ఫైలు కార్డులో వేసి, సెట్టింగుల్లో పాత మ్యాప్ టిక్ తీసేసి కొత్తది ఎంచుకోవాలి. రెండూ టిక్ పెట్టి ఉంచితే ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం. ఏ అప్‌డేట్ అయినా సగంలో వైరు పీకకండి, ముందు పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి కాపీ చేసి పెట్టుకోండి.

కొత్తచక్రం:
కార్డు స్లాటు ఉందండీ, ఈ ఆదివారం ఆ పని మీదే ఉంటాను. ఇంకొక్క సందేహం. కారు మీటర్ కంటే ఇది వేగం తక్కువ చూపిస్తోంది. ఏది నమ్మాలి?

తేదీల మాస్టారు:
తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు నావిగేటర్‌ని నమ్మండి. కారు మీటర్ కావాలనే కాస్త ఎక్కువ చూపించేలా చేస్తారు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువైతే పది శాతం, దాని మీద గంటకి 4 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. మీరు నిజంగా 100లో వెళ్తుంటే మీటర్ 114 చూపినా నిబంధనకి లోబడే ఉన్నట్టు. బ్రేకు వేసినప్పుడు, సొరంగంలో మాత్రం నావిగేటర్ అంకె వెనకబడుతుంది.

ఇప్పుడైతే హాయిగా ఉంది గానీ, 2000 మేకి ముందు అమెరికా సైన్యం పౌరుల సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. సుమారు 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఏ వీధిలో ఉన్నామో కూడా తేలేది కాదు.

రాత్రిబండి:
దీన్ని విదేశాలకి తీసుకెళ్లి అద్దె కారులో పెట్టుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? వచ్చే నెల యూరప్ వెళ్తున్నాం.

పాతడ్రైవర్:
నిక్షేపంగా తీసుకెళ్లండి. విమానం దిగాక మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి టైం పడుతుంది, పార్కింగ్‌లో సామాన్లు సర్దేటప్పుడే ఆన్ చేసి పెట్టండి. మీరు వెళ్లే దేశాల మ్యాప్‌లు లోపల ఉన్నాయో లేదో ఇక్కడే చూసుకోండి. చాలా మోడళ్లు ఒక ఖండానికో ప్రాంతానికో సరిపడా మ్యాప్‌తోనే వస్తాయి.

స్పీడ్ కెమెరా హెచ్చరికల గురించి మాత్రం తెలుసుకుని వెళ్లండి. స్విట్జర్లాండ్‌లో అలాంటివి దగ్గర ఉంచుకోవడమే నేరం. జర్మనీలో బండి నడుపుతూ డ్రైవరు వాడకూడదు. ఫ్రాన్స్‌లో 2012 నుంచి కెమెరా కచ్చితంగా ఎక్కడుందో చూపకూడదు, ప్రమాదకర ప్రాంతం అని మాత్రం చెప్పొచ్చు. మూడు దేశాలూ తిరిగేటట్టయితే మెనూలో ఆ హెచ్చరికలు ఆపేస్తే చాలదు, కెమెరాల ఫైలునే పరికరంలోంచి తీసేసి వెళ్లండి. తిరిగొచ్చాక మళ్లీ వేసుకోవచ్చు.