బోర్ కక్ష్య మీద అల బొమ్మ: ప్లస్ టూ పిల్లలకి వెయ్యాలా, మానాలా?

పర్లాకిమిడి మాస్టారు:
బోర్ నమూనాలో ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరిగే కక్ష్య మీద మెలికల గీత గీసి, అలలు పూర్ణసంఖ్యలో పడితేనే కక్ష్య నిలుస్తుందని చెప్పే బొమ్మ మానేద్దాం. ఎలక్ట్రాన్ పాములా మెలికలు తిరుగుతూ పోతుందని పిల్లల బుర్రలో ముద్ర పడిపోతోంది. పైగా తప్పు. 1913 నాటి బోర్ లెక్కలో హైడ్రోజన్ భూస్థాయికి (అతి తక్కువ శక్తి స్థితికి) కోణీయ ద్రవ్యవేగం హెచ్ బై టూ పై (హెచ్ అంటే ప్లాంక్ స్థిరాంకం). నిజానికి సున్నా.

రాయగడ ఫిజిక్స్:
ఒప్పుకోను మాస్టారూ. బోర్ సూత్రంలో మూడో కక్ష్య నుంచి రెండోదానికి దూకే ఎలక్ట్రాన్‌కి 13.6ని (1/4 − 1/9)తో గుణిస్తే 1.89 ఎలక్ట్రాన్ వోల్టులు. శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే 1240ని దాంతో భాగిస్తే 656 నానోమీటర్లు, హైడ్రోజన్ ఎర్ర గీత. ఆ 2, 3 ఎక్కడివని పిల్లలు అడిగితే ఏం చూపిస్తారు?

పర్లాకిమిడి మాస్టారు:
ఆ లెక్క ఉంచండి, ష్రోడింగర్ 1926 సమీకరణం కూడా అవే శక్తులిస్తుంది. పూర్ణసంఖ్యలకి డప్పు చర్మం చూపించండి. స్టీలు గిన్నెకి బెలూన్ రబ్బరు బిగించి, కింద స్పీకర్ పెట్టి, పైన పొడి ఇసుక చల్లండి. ఫోన్‌లో స్వరం మెల్లగా పెంచుతూ పోతే కొన్ని స్వరాల దగ్గరే ఇసుక వలయాలు కడుతుంది. రబ్బరు ఒకవైపు వదులైతే వలయం వంకర పోతుంది, సౌండు ఎక్కువైతే ఇసుక ఎగిరిపోతుంది. 2ఎస్ ఆర్బిటాల్‌లో (హైడ్రోజన్ రెండో స్థాయిలోని గోళాకార ఎలక్ట్రాన్ అలలో) కేంద్రకం నుంచి 0.106 నానోమీటర్ల దగ్గర, ఎలక్ట్రాన్ దొరికే అవకాశం సున్నా అయ్యే శూన్య గోళం ఈ వలయానికి అన్న లాంటిది. దారి కాదు, ఆకారం.

బరంపురం ల్యాబ్:
ఎలక్ట్రాన్లని గ్రాఫైట్ రేకు గుండా పంపి, అవి అలల్లా తెర మీద వలయాలు కట్టడం చూపే డిఫ్రాక్షన్ ట్యూబు దొరికితే ముందు అది చూపించండి. 4000 వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0194 నానోమీటర్లు. రేకు నుంచి తెర 13.5 సెంటీమీటర్లైతే లోపలి వలయం వ్యాసం దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. 3000కి దించితే 2.8 దాకా విచ్చుకుంటుంది. ఇవి ఎక్స్‌కిరణాలేమో అన్న పిల్లాడి చేతికి అయస్కాంతం ఇవ్వండి, వలయాలు పక్కకి జరుగుతాయి. కరెంటు 0.2 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వకండి, వేడికి రేకు పాడవుతుంది.
ఒక్క జాగ్రత్త: వలయం అంతా ఒకే ఎలక్ట్రాన్ గీసిందని చెప్పకండి. 1989లో తొనోమురా బృందం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా పంపితే తెర మీద పడ్డవి చుక్కలే. వేల చుక్కలు చేరాకే చారలు తేలాయి.

రాయగడ ఫిజిక్స్:
సరే, వలయాలు ముందు, డప్పు తర్వాత. మెలికల బొమ్మని మాత్రం పూర్తిగా తీసెయ్యను, పరీక్షలో అడుగుతారు. ఎలక్ట్రాన్‌కీ అల ఉంటుందంటూ 1924లో డి బ్రోయ్ వేసిన మెట్టు అని చెప్పి, పక్కనే ఆ సున్నా రాయిస్తాను.