బీభత్సమా, రౌద్రమా? ఒక డెత్ మెటల్ సమీక్షలో పదాల పేచీ

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎట్ ది గేట్స్ అనే స్వీడన్ బ్యాండు 1995లో తెచ్చిన స్లాటర్ ఆఫ్ ది సోల్ ఆల్బమ్ మీద తెలుగులో సమీక్ష రాస్తున్నాను. మెలోడిక్ డెత్ మెటల్ బాపతు, అంటే జోరు గిటార్లు, అరుపు గొంతు ఉండే డెత్ మెటల్‌కి గిటారు బాణీలు కలిపినది. మొదటి వాక్యం "34 నిమిషాల బీభత్సం" అని పెట్టాను. ఇద్దరికి చూపిస్తే ఒకరు "అంత బాగుందా?" అన్నారు, ఇంకొకరు "అంత ఘోరమా?" అన్నారు. పదం మార్చాలా? ఇంకోటి, మెలోడిక్ అన్న దానికి 'మధురమైన' అని రాస్తే పక్కనే డెత్ మెటల్ అన్న మాట చూసి నాకే నవ్వొస్తోంది.

జవాబు:
ఇద్దరూ సరిగ్గానే చదివారండీ. బీభత్సానికి ఇప్పుడు మూడు అర్థాలు నడుస్తున్నాయి. వార్తల్లో తుఫాను బీభత్సం, లారీ బీభత్సం అంటే విధ్వంసం. కుర్రాళ్ళ నోట "బీభత్సంగా ఉంది" అంటే అదిరిపోయిందని. అలంకారశాస్త్రంలో మాత్రం బీభత్సం ఒక రసం, దాని స్థాయి (మూలభావం) జుగుప్స, అంటే రోత. మామూలు కబుర్లలో ఈ మూడో అర్థం ఎవరికీ గుర్తుండదు గానీ, ఒక కళ గురించి రాస్తున్నప్పుడు పదం పడగానే అదీ మేలుకుంటుంది. మీ ఆల్బమ్‌కి మొదటి రెండు అర్థాలూ చక్కగా సరిపోతాయి, మూడోది అస్సలు సరిపోదు. పేచీ అంతా అక్కడే.

డెత్ మెటల్‌లో బీభత్సరసం లేదని కాదు, బోలెడంత ఉంది. లివర్‌పూల్ బ్యాండు కార్కస్‌ని తీసుకోండి. 1988లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ రీక్ ఆఫ్ ప్యూట్రిఫాక్షన్, పేరులోనే కుళ్ళు కంపు. అట్ట మీద శవాల ఫొటోల ముక్కలు అతికించారు, పాటల్లో వైద్యగ్రంథాల్లోంచి ఏరుకొచ్చినట్టుండే మాటలు. దాన్ని బీభత్సం అనండి, ఏ పండితుడూ కాదనడు. అదే బ్యాండు 1993లో హార్ట్‌వర్క్ తెచ్చేసరికి అట్ట మీద గీగర్ అనే చిత్రకారుడు చేసిన శిల్పం, లోపల జంట గిటార్ల బాణీలు, రోత ఉండాల్సిన చోట కోపం. ఐదేళ్ళలో రసమే మారిపోయింది. మెలోడిక్ డెత్ మెటల్ ఎలా పుట్టిందో చెప్పేటప్పుడు ఆ ఆల్బమ్ ప్రస్తావన రాకుండా ఉండదు. మీరు రాస్తున్న ఆల్బమ్ ఆ దాటిన గట్టున పుట్టినది.

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఈ శ్లోకం చూడండి:

శృంగారాద్ధి భవేద్ధాస్యో రౌద్రాత్తు కరుణో రసః
వీరాచ్చైవాద్భుతోత్పత్తిర్బీభత్సాచ్చ భయానకః

శృంగారంలోంచి హాస్యం, రౌద్రంలోంచి కరుణ (ఇక్కడ దయ కాదు, శోకం), వీరంలోంచి అద్భుతం, బీభత్సంలోంచి భయానకం పుడతాయని భావం. నాకైతే డెత్ మెటల్‌లో ఉన్న రెండు దారులూ ఇందులో కనిపిస్తాయి. పాత డెత్ మెటల్‌లో ఒక పెద్ద పాయ బీభత్సంతో మొదలుపెట్టి భయానకానికి తీసుకెళ్తుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ ఊరి బ్యాండ్ల కుర్రాళ్ళు, అంటే మీ ఎట్ ది గేట్స్ లాంటివాళ్ళు, చేసిన పని రౌద్రంతో మొదలుపెట్టి కరుణకి దిగడం. మీరు మెలోడీ అంటున్నది ఆ కరుణే.

మరో సభ్యుడు:
మాస్టారూ, శ్లోకం బాగుంది గానీ కొంచెం లాగి అతికించినట్టుంది. కోపంలో అరిచేవాడి పాటలోకి కరుణ ఎలా వస్తుంది? నేను ఆ ఆల్బమ్ విన్నాను, నాకు మొదటి నుంచి చివరి దాకా ఒకటే రంగు. దాని బదులు అదే నెల్లో వచ్చిన డార్క్ ట్రాంక్విలిటీ వాళ్ళ ది గ్యాలరీ వినండి, అందులో బాణీ అంటే బాణీ. పైగా అర్జునుడి పది పేర్లలో బీభత్సుడు ఉంది కదా, అది తిట్టు కాదు కదా?

జవాబు:
అర్జునుడి సంగతి ముందు. విరాటపర్వంలో ఉత్తరుడికి నమ్మకం కుదరక పది పేర్లకీ అర్థం చెప్పమంటే అర్జునుడు ఒక్కొక్కటే చెబుతాడు. యుద్ధం చేస్తూ బీభత్సమైన పని ఎన్నడూ చేయను గనక బీభత్సుణ్ణి అంటాడు. అంటే రోత పుట్టించేవాడని కాదు, రోతపనిని ఏవగించుకునేవాడని. కాబట్టి ఆ పేరు నా పక్షానే సాక్ష్యం చెబుతోంది: చంపేంత కోపం ఉంటుంది, రోత మాత్రం దరిదాపుల్లో ఉండదు. స్లాటర్ ఆఫ్ ది సోల్ సరిగ్గా ఆ పద్ధతి. పేరులో వధ ఉంది, పాటల్లో పేగులు, చీము, నెత్తురు లెక్కపెట్టడం ఉండదు. భయం, అబద్ధం, తనని తాను నాశనం చేసుకోవడం, ఇవీ అందులో విషయాలు.

కోపంలోంచి కరుణ ఎలా అంటారా, భరతుడే ఆ శ్లోకం వెంటనే విప్పి చెప్పాడు: "రౌద్రస్యైవ చ యత్కర్మ స జ్ఞేయః కరుణో రసః." రౌద్రం చేసిన పనే కరుణ అవుతుందని. భీముడు గద ఎత్తితే రౌద్రం, గద పడ్డాక అవతల ఏడుపు కరుణ. మామూలుగా కొట్టేవాడు ఒకడు, ఏడ్చేవాడు ఇంకొకడు. ఈ ఆల్బమ్‌లో వధించేది తన ఆత్మనే కాబట్టి ఇద్దరూ ఒకడే, ఒకే గొంతులో రెండూ వినాలి. ఈ బ్యాండు గాయకుడు లిండ్‌బెర్గ్ గొంతు అందుకే గొప్పది. పొట్టలోంచి వచ్చే లావుపాటి గుర్రు కాదది, పైస్థాయిలో చీరుకుపోతున్న కేక, మాటలు చాలా మటుకు అర్థమవుతూనే ఉంటాయి. కొట్టేవాడి కేకో దెబ్బ తిన్నవాడి కేకో కొన్నిచోట్ల విడదీసి చెప్పలేం. (2025 సెప్టెంబరులో ఆయన పోయారు. అప్పటి నుంచి ఆ ఆల్బమ్ వింటే ఈ రెండో కేకే నాకు ఎక్కువ వినిపిస్తోంది, అది నా చెవి మహిమ కావచ్చు.)

ఒకటే రంగు అన్నారు చూశారూ, అది కొంత ఒప్పుకుంటాను. 11 ట్రాకులు, అందులో రెండు వాద్యసంగీతమే, మిగతా తొమ్మిదీ ఇంచుమించు మూడేసి నిమిషాలు, వేగమూ దాదాపు ఒకటే. చివర్లో నాజియా, నీడ్ పాటల దగ్గరికి వచ్చేసరికి నాకూ కొంచెం తెలిసిన దారే మళ్ళీ నడుస్తున్నట్టుంటుంది. ఇదే బ్యాండు 1992లో చేసిన మొదటి ఆల్బమ్ ది రెడ్ ఇన్ ది స్కై ఈజ్ అవర్స్‌లో వయొలిన్ ఉంటుంది, పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పలేం, సగం చోట్ల దారి తప్పుతుంది కూడా. ఆ పిచ్చి ఇందులో కోసేశారు. పోగొట్టుకున్నది ఉంది, దక్కింది బిగువు.

ది గ్యాలరీ, స్లాటర్, 1996లో వచ్చిన ఇన్ ఫ్లేమ్స్ వాళ్ళ ది జెస్టర్ రేస్, మూడూ గోథెన్‌బర్గ్ బ్యాండ్లవే, మూడూ ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రామ్ స్టూడియో ఫ్రెడ్‌మన్‌లోనే తయారయ్యాయి. అయినా బాణీ పెట్టే చోటు వేరు. ఇన్ ఫ్లేమ్స్‌లో బాణీ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు వరస) మీద తేలుతుంది. ఒక గిటారు స పలికితే రెండోది గ పలుకుతూ జంటగా పరిగెత్తుతాయి, ఐరన్ మెయిడెన్ అనే పాత హెవీ మెటల్ బ్యాండు నుంచి వచ్చిన అలవాటు. ఎట్ ది గేట్స్‌లో బాణీ రిఫ్ లోపలే దాగి ఉంటుంది. అరచేతి అంచుతో తీగని అదిమిపెట్టి కింది స్వరాన్ని టకటకా కొడుతుంటారు, మధ్యలో చెయ్యి ఒక్క క్షణం వదలగానే రెండు మూడు పై స్వరాలు పలుకుతాయి, మళ్ళీ అదమడం. ఆ వదిలిన స్వరాలు మాత్రమే వరసగా కలిపి కూనిరాగం తీయండి, విషాదమైన పాట ఒకటి బయటపడుతుంది. స్వరస్థానాల వరకు చూస్తే చాలావరకు మన నఠభైరవి రాగం మెట్లు, గమకం మాత్రం వెతక్కండి. బ్లైండెడ్ బై ఫియర్‌లో మొదటి యంత్రాల రొద అయిపోయి రిఫ్ మొదలయ్యే చోట ఇలా విని చూడండి.

ఇంకొకరు:
అయితే 'మధురం' వాడొచ్చా వాడకూడదా? మీరు చెప్పినదాన్ని బట్టి వాడొచ్చనిపిస్తోంది.

జవాబు:
శాస్త్రప్రకారం వాడొచ్చు, చదివేవాడి ప్రకారం వద్దు. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు మాధుర్యం అన్నది తీపి అన్న అర్థంలో కాదు, మనసుని కరిగించే గుణం అన్న అర్థంలో. అందుకే సంభోగశృంగారంలో కంటే కరుణలో మాధుర్యం హెచ్చు అన్నాడు. ఓజస్సుని (మనసుని రగిల్చే గుణాన్ని) వీర బీభత్స రౌద్రాలకి ఇచ్చాడు, రౌద్రానికి అందరికంటే ఎక్కువ. ద్విత్వాలు, ట ఠ డ ఢలు, పొడుగాటి సమాసాలు దాని సరంజామా. అదిమిపెట్టి కొట్టే రిఫ్ ఓజస్సు, వదిలేసిన స్వరాలు మాధుర్యం అని నేనొక వాక్యం రాసుకోవచ్చు, ఈ గ్రూపులో చెల్లుతుంది కూడా. బయట 'మధురం' అనగానే మధురగీతాలు, మధురజ్ఞాపకాలు అనే ఇవాళ్టి వాడుకే ముందుకొస్తుంది. శ్రావ్యమైన డెత్ మెటల్ అన్నా అంతే, పెళ్ళిపత్రిక భాషలా ఉంటుంది. సంగీతం పేరు పేరుగానే మెలోడిక్ డెత్ మెటల్ అని ఉంచేయండి, వర్ణించేచోట 'బాణీ' అనండి. బాణీ తీపిదనీ చెప్పదు, చేదనీ చెప్పదు.

గ్రోల్‌కి, అంటే డెత్ మెటల్ గాయకుల గుర్రు గొంతుకి, కూడా ఎవరో ఒకరు గర్జన అని సూచించబోతారు గనక ముందే చెప్తున్నాను. గర్జన సింహానిది, మేఘానిది, అందులో దర్జా ఉంది. గాండ్రింపులో పులి కనిపిస్తుంది. కొందరు డెత్ మెటల్ గాయకులకి ఇవి నప్పుతాయి, లిండ్‌బెర్గ్‌కి నప్పవు. గావుకేక అనండి, లేదా జీర గొంతు కేక అనండి. గ్రోల్ అనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు, కానీ అప్పుడు ఆయన చేసేది గ్రోల్ కాదని వినేవాళ్ళు మీ మీద పడతారు.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. మొదటి వాక్యం "34 నిమిషాల రౌద్రం, దాని అడుగున కరుణ" అని మార్చాను. అయితే బీభత్సమా రౌద్రమా అన్నది వినేవాడికి ఎలా తెలుస్తుంది? ఒకడికి రౌద్రం అనిపించింది ఇంకొకడికి రోతగా ఉండొచ్చు కదా. మా ఇంట్లో వాళ్ళకి ఈ కేకే రోత.

జవాబు:
దానికీ భరతుడి దగ్గర గుర్తులున్నాయి, అనుభావాలు. రౌద్రానికి కళ్ళెర్రబడటం, కనుబొమలు ముడిపడటం, పళ్ళు కొరకడం, పెదవి కరవడం. బీభత్సానికి ముఖం ముడుచుకుని తిప్పేసుకోవడం, ముక్కు మూసుకోవడం, ఉమ్మడం. టైటిల్ పాటలో రిఫ్ అయ్యాక "గో!" అని ఒక్క అరుపు వస్తుంది, అక్కడ మీ మొహం అద్దంలో చూసుకోండి. పళ్ళు బిగిస్తే నేను గెలిచాను, ముక్కు మూసుకుంటే మీ మొదటి వాక్యమే ఉంచేసుకోండి. మీ ఇంట్లో వాళ్ళది మాత్రం రసం కాదండీ, చెవిపోటు.

వాక్యం బాగుంది. "అడుగున" తీసేసి "అందులోంచే కరుణ" అనండి. అడుగున అంటే రెండూ వేరువేరు పొరలనిపిస్తుంది, ఈ ఆల్బమ్‌లో పొరలు లేవు. ఒక్క మినహాయింపు కోల్డ్ పాట. అందులో సోలో వాయించింది బ్యాండు వాళ్ళు కాదు, కింగ్ డైమండ్ అనే వేరే బ్యాండు గిటారిస్టు ఆండీ లరాక్. అదొక్కటి నిజంగానే రిఫ్ పైకి లేచి విడిగా పాడుతుంది. ఆల్బమ్ మొత్తంలో అతిథి చెయ్యి పడిన ఆ చోటే అందరికీ గుర్తుండటం బ్యాండుకి మెచ్చుకోలా, ఎత్తిపొడుపా అన్నది మీ సమీక్షలో మీరే తేల్చండి.

మరో సభ్యుడు:
ఒక్క మాట. ఆల్బమ్ పేరు తెలుగులో పెడితే ఆత్మహత్య అనాలి కదా? అర్థం అక్షరాలా అదే.

జవాబు:
అక్షరాలా అదే, అందుకే కుదరదు. ఆత్మహత్య అంటే ప్రాణం తీసుకోవడం అని స్థిరపడిపోయింది, శరీరం సంగతి. ఇక్కడ శరీరం బతికే ఉంటుంది. పైగా ఇదే ఆల్బమ్‌లో సూయిసైడ్ నేషన్ అని వేరే పాట ఉంది, దానికి ఏ మాట మిగులుస్తారు? ఆత్మవధ అనండి. హత్య ఎవరైనా ఎక్కడైనా చేస్తారు. వధలో బలిపీఠం ఉంది, జంతువధ ఉంది, కీచకవధ ఉంది. స్లాటర్ అన్న మాటలోని కబేళా వాసన దీనికే వస్తుంది.

మరో సభ్యుడు:
ఆత్మవధ సరే. ది గ్యాలరీ విషయంలో మాత్రం నేను తగ్గేది లేదు.

జవాబు:
తగ్గకండి. దాని మీద మీరొకటి రాయండి, రసం ఏమిటో అక్కడ తేల్చుకుందాం.